బాపు వద్దంటున్న దుబాయ్‌కి వెళ్ళొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఈ మధ్యే బీటెక్ సివిల్ అయిపోయింది. హైదరాబాద్‌లో బిల్డింగ్ కాంట్రాక్టర్ దగ్గర నెలకు 18 వేల జీతంతో ఉద్యోగం దొరికేలా ఉంది. ఇంకోవైపు దుబాయ్‌లో జూనియర్ క్వాంటిటీ సర్వేయర్ పోస్టు ఉందని, జీతం 3,500 దిర్హాలని మా ఏరియా ఏజెంట్ చెప్తున్నాడు. లక్షా ఇరవై వేలు కట్టాలట. ముందు విజిట్ వీసా మీద పోతే అక్కడ పని వీసాకి ఛేంజ్ చేయిస్తాడట. మా బాపు 2003లో పోయి పందొమ్మిదేళ్ళు అక్కడ షట్టరింగ్ పని చేసి వచ్చాడు. "నా బతుకు ఆ ఎండల పోయింది, నువ్వు పోకు బిడ్డా" అంటున్నాడు. అమ్మ ఏమీ అనట్లేదు. నాకేమో వెళ్ళాలని ఉంది. ఆ ఎండ నేను తట్టుకోగలనా? మొట్టమొదటి ఉద్యోగమే అక్కడ మొదలుపెట్టడం తప్పా?

జవాబు: చెల్లీ, వెళ్ళు. కాకపోతే ఆ ఏజెంట్ చెప్పిన దారిలో వద్దు, జూన్ జూలైల్లో అసలే వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

నేనూ సివిలే. 2012 ఆగస్టులో కరీంనగర్ నుంచి దుబాయ్ వచ్చాను, ఇదే పనికి. కట్టిన పనిని కొలిచి బిల్లు లెక్క వేసేవాళ్ళని మన దగ్గర బిల్లింగ్ ఇంజనీర్ అంటాం చూడు, ఇక్కడ దానికే క్వాంటిటీ సర్వేయర్ అని పేరు, ముద్దుగా క్యూఎస్. ఎయిర్‌పోర్ట్ తలుపు దాటి బయట అడుగు పెట్టగానే కళ్ళద్దాలు తెల్లగా అయిపోయాయి. పొగ అనుకున్నాను. తుడుచుకున్నా, మళ్ళీ తెల్లబడ్డాయి. రాత్రి పదకొండు దాటింది అప్పటికి. ఏసీలో చల్లబడిన అద్దానికి బయటి గాలిలోని తేమ పట్టేసింది, అంతే. కానీ ఆ క్షణంలో నాకు అర్థమైంది ఏంటంటే, నేను ఊళ్ళో ఊహించుకున్న ఎండ వేరు, ఇక్కడిది వేరు.

మేలో జగిత్యాల 45 దాటుతుంది, నీకు కొత్తేం కాదు. దుబాయ్‌లో 42 అని ఫోన్‌లో చూసి ఇంతేనా అనుకుంటావు. నేనూ అనుకున్నాను. మన దగ్గరిది పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ పక్కనే సముద్రం, జూలై ఆగస్టుల్లో గాలి నిండా తేమ, చెమట ఆరదు, చొక్కా పిండితే నీళ్ళు కారతాయి. పైగా మన ఎండాకాలం ఎంత మండినా మృగశిర కార్తెకు ఒక వాన పడుతుందన్న ఆశ ఉంటుంది. ఇక్కడ మేలో మొదలైతే అక్టోబర్ దాకా ఆ ఆశ లేదు. అల్ ఐన్ వైపు స్వైహాన్‌లో 2025 ఆగస్టు 1న 51.8 డిగ్రీలు నమోదైంది. అది ఎడారి లోపలి మాట, దుబాయ్ ఊళ్ళో అంత ఉండదు. కానీ ఊళ్ళో తేమ ఉంటుంది, ఏది నయమో నన్నడిగితే చెప్పలేను.

ఒక చిన్న సంగతి. వేసవిలో ఇక్కడ చాలా బిల్డింగుల్లో చన్నీళ్ళ కుళాయి తిప్పితే మరిగిన నీళ్ళు వస్తాయి, ట్యాంకు మిద్దె మీద ఎండలో ఉంటుంది కాబట్టి. అందుకని జూన్ రాగానే అందరం గీజర్ స్విచ్ ఆపేస్తాం. గీజర్ బాత్రూమ్ నీడలో ఉంటుంది, అందులో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. అంటే వేణ్ణీళ్ళ కుళాయిలో చన్నీళ్ళు, చన్నీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళు. మొదటిరోజు నా రూమ్‌మేట్ ఇది చెప్పడం మర్చిపోయింది, నేను తల మీద పోసుకుని అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్‌వాళ్ళు తలుపు కొట్టారు. మీ బాపును అడుగు, ఆయనకు ఇది కచ్చితంగా తెలిసి ఉంటుంది, నవ్వుతాడు కూడా.

సరే, తట్టుకోగలవా అన్నావు. ఆఫీస్‌లో కూర్చునే రోజుల్లో ఎండ నీకు పెద్దగా తగలదు. ఇంట్లో ఏసీ, మెట్రోలో ఏసీ, కొన్ని బస్టాపులకు కూడా ఏసీ గదులున్నాయి. విచిత్రం ఏంటంటే ఇంత సూర్యుడున్న దేశంలో విటమిన్ డి తక్కువని డాక్టర్లు మాత్రలు రాస్తుంటారు, నేనూ మింగుతున్నాను. అసలు కష్టం సైట్‌కి వెళ్ళే రోజుల్లో. క్యూఎస్ అన్నాక ఎంత ఆఫీస్ పనైనా నెలాఖరు బిల్లులకు సైట్ మీద కొలతలు తప్పవు. ఇక్కడ నాకు జరిగిందొకటి చెప్తాను, ఇది ఆడపిల్లలకు ఎవరూ చెప్పరు.

నా రెండో వేసవి. ఊరి చివర గోదాములు కడుతున్న సైట్. అంత పెద్ద జాగాలో ఆడవాళ్ళకంటూ ఒక్క టాయిలెట్ లేదు. నాలుగైదు వందల మంది మగవాళ్ళు, నేనొక్కదాన్ని. ఆ ఇబ్బందికి నేను కనిపెట్టిన ఉపాయం నీళ్ళు తాగకపోవడం. పొద్దున ఏడింటికి వెళ్ళాను, పదకొండున్నర దాకా అర లీటరు కూడా తాగలేదు. టేపు రెండో కొస పట్టుకున్న హెల్పర్ మన నిర్మల్ అతను. "మేడమ్, మీకు చెమట ఆగిపోయింది, నీడకు రండి" అన్నాడు. అతను అన్నది గుర్తుంది, తర్వాతది గుర్తులేదు. లేచి చూస్తే సైట్ క్లినిక్‌లో సెలైన్ ఎక్కుతోంది. అంత ఎండలో ఒంటికి చెమట ఆగిందంటే చల్లబడిందని కాదు, ఒళ్ళు చేతులెత్తేస్తోందని. అది ఒక షట్టరింగ్ గ్యాంగ్ హెల్పర్‌కి తెలుసు, ఇంజనీరుకి తెలియదు. ఆ తర్వాత ప్రాజెక్ట్ మేనేజర్‌ని అడిగాను, ఒక క్యాబిన్ టాయిలెట్‌కి తాళం వేయించి చెవి నాకిచ్చారు. అడగడానికి సిగ్గుపడి ఏడాది పాటు నోరు మూసుకున్నాను, అడిగితే పని రెండు రోజుల్లో అయిపోయింది.

కాబట్టి ఇంటర్వ్యూలో జీతం ఎంత అని అడిగిన నోటితోనే, సైట్‌లో లేడీస్ టాయిలెట్ ఉందా అని కూడా అడుగు. వాళ్ళు తడబడితే తడబడనీ. ఇంకోటి, ఎండదెబ్బ ఎక్కువగా తగిలేది కొత్తవాళ్ళకే, అదీ మొదటి వారం పది రోజుల్లో, ఒళ్ళు ఇంకా అలవాటుపడక ముందు. అందుకే అక్టోబర్‌లో రమ్మంటున్నాను. అక్టోబర్ చివరికి వేడి తగ్గుతుంది, డిసెంబర్ జనవరిలో పొద్దున్నే స్వెటర్ వేసుకునేంత చల్లగా ఉంటుంది, ఒక్కోసారి పొగమంచుకి ఎదురుగా ఉన్న క్రేన్ కూడా కనపడదు. ఆ ఆరు నెలల్లో ఊరూ పనీ అలవాటయ్యాక వేసవి వస్తే అదో లెక్క, దిగిన రోజే ఆగస్టు అయితే ఇంకో లెక్క. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. ఇలాంటి మధ్యాహ్న విరామం 2005 నుంచి ఉంది. మీ బాపు 2003లో వెళ్ళాడన్నావు కదా, అంటే ఆయన మొదటి వేసవులు ఆ నీడ కూడా లేకుండా గడిచాయి. ఆయన "ఆ ఎండ" అన్నప్పుడు ఏ ఎండ గురించి అంటున్నాడో ఒకసారి ఆలోచించు.

ఇప్పుడు ఏజెంట్ సంగతి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే, ఎండకు కాదు.

విజిట్ వీసా మీద పని చేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. అందరూ చేస్తున్నారులే అంటాడు మీ ఏజెంట్. వచ్చి ఉద్యోగం వెతుక్కోవడం వేరు, వచ్చి పర్మిట్ లేకుండా పనిలో చేరిపోవడం వేరు. 2024లో ఇక్కడి చట్టం ఇంకా గట్టిపడింది, పర్మిట్ లేకుండా మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాల దాకా జరిమానా. అంత జరిమానా నెత్తిన ఉంటే పేరున్న కంపెనీ ఎవరైనా నిన్ను విజిట్ మీద రప్పించి ఛేంజ్ చేద్దాంలే అంటుందా? అంటే ఆ కంపెనీ మీద అనుమానం రావాలి, లేదా అసలు కంపెనీయే లేదని. వీసా గడువు అయిపోతే రోజుకు 50 దిర్హాల ఫైన్ నీ పేరు మీద పడుతూ ఉంటుంది. ఆ ఫైన్ కట్టలేక, ఇంటికి పోలేక, దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికేవాళ్ళను మనవాళ్ళు కల్లివల్లి అంటారు. ఆ మాట మీ ఊళ్ళో నువ్వు వినే ఉంటావు. ఒక్కొక్క కల్లివల్లి కథ మొదట్లో "ఛేంజ్ చేయిస్తా" అనే మాటే ఉంటుంది.

లక్షా ఇరవై వేలు ఎందుకు? ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చులు, వీసా ఖర్చులు కంపెనీవే, ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదు. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగలిగేది గరిష్ఠంగా 30 వేలు, దాని మీద జీఎస్టీ, దానికి రసీదు. మీ వాడు రిజిస్టరైనవాడో కాదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. అందులో లేకపోతే వాడు ఏజెంట్ కాదు, మధ్యలో చేతులు మార్చేవాడు. తెలంగాణ ప్రభుత్వానిది టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాల కోసమే, అక్కడ కూడా పేరు నమోదు చేసుకో, పోయేదేం లేదు.

నీ విషయంలో ఇంకో మెలిక ఉంది. పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం అనే ముద్ర ఉంటుంది, వాళ్ళు గల్ఫ్‌కి పనికి వెళ్ళాలంటే హైదరాబాద్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, కాంట్రాక్టు చూస్తారు, ఇన్సూరెన్స్ చూస్తారు. మీ బాపు బహుశా అలా వెళ్ళినవాడే. నువ్వు ఇంజనీర్‌వి, నీకు ఆ ముద్ర లేదు, ఆ తనిఖీ కూడా లేదు. చదువుకున్నందుకు దక్కిన గౌరవమే, కాకపోతే నీ కాగితాలను నీ తరఫున చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. నువ్వే చూసుకోవాలి. ఏజెంటుకి చదువుకున్న పిల్లలంటే ఇష్టం ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

ఏం చేయాలంటే, ఆ కంపెనీ పేరు అడుగు. చెప్పకపోతే అక్కడితో మాట కట్. చెప్తే, ఆ కంపెనీ హెచ్ఆర్‌కి నువ్వే మెయిల్ రాయి, నాకు మీ కార్మిక మంత్రిత్వ శాఖ ఫార్మాట్‌లో ఉన్న ఆఫర్ లెటర్, దాని తర్వాత ఉద్యోగ ఎంట్రీ పర్మిట్ పంపండి, వస్తాను అని. ఆ ఆఫర్ లెటర్ మీద ఒక నంబర్ ఉంటుంది, మంత్రిత్వ శాఖ సైట్‌లో దాన్ని సరిచూసుకోవచ్చు. నువ్వు విమానం ఎక్కే ముందు నీ చేతిలో ఉండాల్సిన కాగితం ఆ పర్మిట్. వాట్సాప్‌లో వచ్చిన రంగురంగుల లోగో ఉన్న లెటర్ కాదు.

లెటర్ వచ్చిందనుకో. నీ కన్ను 3,500 మీదకి పోతుంది. నువ్వు చూడాల్సింది దాని కింద చిన్నగా రాసి ఉండే బేసిక్. ఇక్కడ జీతాన్ని బేసిక్, హెచ్ఆర్ఏ, ట్రాన్స్‌పోర్ట్, ఇతర అలవెన్సులు అని ముక్కలు చేస్తారు. నెలనెలా చేతికొచ్చేది ఎలాగైనా అంతే కాబట్టి కొత్తవాళ్ళెవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు. కానీ ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే, మొదటి ఐదేళ్ళు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఓవర్‌టైమ్ బేసిక్ మీదే. ఉద్యోగం పోతే మూడు నెలల దాకా 60 శాతం ఇచ్చే ఇన్సూరెన్స్ ఉంది, ఏడాది పాటు ప్రీమియం కట్టి ఉండాలి, నీ జీతానికి అది నెలకు 5 దిర్హాలే, ఆ 60 శాతం కూడా బేసిక్‌లోనే. నా మొదటి జీతం 3,000, అందులో బేసిక్ 1,200. ఐదేళ్ళు చేసి మానేస్తే గ్రాట్యుటీ కింద వచ్చింది 4,200 దిర్హాలు. ఐదేళ్ళకి! అకౌంట్స్ అతను కాలిక్యులేటర్ నా వైపు తిప్పి చూపించాడు, నేను ఇంకోసారి కొట్టించాను, అదే వచ్చింది. సిమెంట్ బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం చేస్తూ నా జీతం లెక్క నేను చూసుకోలేదు. 3,500లో బేసిక్ 1,400 ఉంటే కనీసం 2,100 చేయమని అడుగు. కంపెనీకి ఇవాళ పైసా ఖర్చు ఉండదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. సంతకం పెట్టాక అడిగితే ఎవరూ వినరు.

ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ లోపు నిన్ను తీసేయాలంటే 14 రోజుల ముందు చెప్పాలి, నువ్వు ఇక్కడే ఇంకో కంపెనీకి మారాలంటే నెల ముందు చెప్పాలి. హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీదే. పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉండాలి, సేఫ్టీ కోసం లాకర్‌లో పెడతాం అని ప్రేమగా అడుగుతారు, ప్రేమగానే వద్దని చెప్పు. జీతం బ్యాంకులో పడాలి, కవర్‌లో పెట్టి ఇస్తామంటే అనుమానించు. ఏదైనా తేడా వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ 800 46342, ఫోన్ కీప్యాడ్ మీద ఆ 46342 అంటే ఇండియా అనే అక్షరాలే, మర్చిపోవు.

డబ్బు లెక్క చూద్దాం, మనం క్యూఎస్‌లం కదా. దిర్హం దాదాపు 24 రూపాయలు అనుకో. 3,500 అంటే 84 వేలు, వినడానికి బ్రహ్మాండం. కరామాలోనో బర్ దుబాయ్‌లోనో ఆడపిల్లలు పంచుకునే గదిలో ఒక మంచం జాగా, దాన్ని ఇక్కడ బెడ్ స్పేస్ అంటారు, వెయ్యి దిర్హాలు అటూ ఇటూ. మెట్రో బస్సు కలిపి అన్ని జోన్లకు నెల పాస్ 350. వండుకుంటే తిండి 500, 600. ఫోన్, సబ్బులు, జ్వరాలు, ఎవరి పుట్టినరోజో. మిగిలేది 1,300 నుంచి 1,500 మధ్య, అంటే మన డబ్బుల్లో ముప్ఫై రెండు మూడు వేలు. 18 వేల జీతంలో హాస్టల్ ఫీజు పోగా హైదరాబాద్‌లో నీకు మిగిలేదాని కంటే ఇది చాలా ఎక్కువ, అందులో అబద్ధం లేదు. కానీ ఏజెంట్ అడిగిన లక్షా ఇరవై అంటే 5,000 దిర్హాలు, నీ మూడున్నర నెలల పొదుపు. దాన్ని మూడు రూపాయల మిత్తికి తెచ్చి కడితే ఎన్ని నెలలవుతుందో నువ్వే వేసుకో. మొదటి జీతం పడగానే బ్యాంకులవాళ్ళు క్రెడిట్ కార్డు ఇస్తామని ఫోన్లు మొదలుపెడతారు, రెండేళ్ళ దాకా తీసుకోకు. బాకీ ఎగ్గొడితే దేశం దాటనివ్వరు, అలా ఇరుక్కున్నవాళ్ళు నాకు తెలుసు.

మొదటి ఉద్యోగమే అక్కడ మొదలుపెట్టడం తప్పా అని అడిగావు. తప్పు కాదు, కష్టం. మన కాలేజీలో ఎస్టిమేషన్ సబ్జెక్టులో ఐఎస్ 1200 అనే మన దేశ ప్రమాణం ప్రకారం కొలవడం నేర్పారు కదా, ఇక్కడ చాలా ప్రాజెక్టుల్లో పోమి అనే పద్ధతిలో కొలుస్తారు, దేన్ని విడిగా లెక్కించాలి, దేన్ని రేటులోనే కలిపేయాలి అన్నది మారిపోతుంది. కాంట్రాక్టులు ఎక్కువగా ఫిడిక్ అనే అంతర్జాతీయ నమూనా పద్ధతివి. అందులో ఏ నోటీసు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎంత డబ్బు గాలికి పోతుంది అన్నది తెలిసినవాడికే ఇక్కడ విలువ. నిజం చెప్పనా, జూనియర్ క్యూఎస్‌ని తెచ్చుకుని రెండేళ్ళు సబ్‌కాంట్రాక్టర్ బిల్లులు ఎక్సెల్‌లో కొట్టించుకునే కంపెనీలు బోలెడు. అలాంటి చోట పడితే రెండేళ్ళ తర్వాత నీ చేతిలో అనుభవం అని చెప్పుకోవడానికి ఎక్సెల్ తప్ప ఏమీ ఉండదు. అడుగు, నేను ఎవరి కింద పని చేస్తాను, వేరియేషన్లు క్లెయిములు, అంటే పనిలో వచ్చే మార్పులూ అదనపు డబ్బు లెక్కలూ చూసే సీనియర్ ఉన్నాడా అని.

అందుకే నా సలహా ఇలా: కంపెనీకి మెయిల్ రాసి నెల రోజులు చూడు. పర్మిట్ వస్తే అక్టోబర్‌లో బయల్దేరు. రాకపోతే బాధపడకుండా హైదరాబాద్ ఉద్యోగంలో చేరు, కానీ సైట్ మీద కాదు, బిల్లింగ్‌లో వేయమని అడిగి చేరు. ఒక ఏడాది బిల్లులు చేసి, పోమి చదువుకుని, డిగ్రీ అటెస్టేషన్ పూర్తి చేసుకుని అప్పుడు అప్లై చేస్తే ఫ్రెషర్ అనే మాట పోతుంది, 3,500 దగ్గర బేరం మొదలవ్వదు. అటెస్టేషన్ మాత్రం ఇవాళే మొదలుపెట్టు. రాష్ట్రంలో ఒక ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ ఎంబసీ ముద్ర, ఇక్కడికొచ్చాక మళ్ళీ ఇంకో ముద్ర, వారాలు పడుతుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే నింపించుకో, డిగ్రీ మీద పేరూ పాస్‌పోర్ట్ మీద పేరూ ఒకేలా ఉన్నాయో చూసుకో. మనవాళ్ళకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, దాంతో ఇక్కడ కౌంటర్ల దగ్గర పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఒంటరితనం గురించి ఎవరైనా చెప్పారా నీకు? నాకు చెప్పలేదు. భయమైతే ఉండదు, రాత్రి పదింటికి మెట్రో దిగి ఒక్కదాన్నే నడిచి వస్తాను, మెట్రోలో ఆడవాళ్ళకు వేరే పెట్టె ఉంటుంది. అది నిజంగా సుఖం, ఊళ్ళో నాకు దొరకనిది. కానీ శుక్రవారమో ఆదివారమో సెలవు రోజున, బయట 43 డిగ్రీలు, గదిలో ఆరుగురం ఆరు మంచాల మీద ఆరు ఫోన్లలో, కర్టెన్లు వేసేసి మధ్యాహ్నమో రాత్రో తెలియకుండా పడుకుని ఉంటాం చూడు, అప్పుడు ఊరు గుర్తొస్తుంది. వాట్సాప్‌లో మాట్లాడదామంటే కాల్ కలవదు, ఇక్కడ ఆపేశారు, బోటిమ్ అనే యాప్ వాడాలి, అది అమ్మ ఫోన్‌లో ముందే వేసి నేర్పించు. వాన కోసం మొహం వాచిపోతావు. ఆ వాన ఒక్కసారి నిజంగానే వచ్చింది, 2024 ఏప్రిల్ 16న. ఏడాదంతా పడాల్సింది మించి ఒక్క రోజులో పడింది, అల్ ఐన్ దగ్గర ఒకచోట 254 మిల్లీమీటర్లు. మా బిల్డింగ్ కింద మోకాటి లోతు, లిఫ్ట్ లేదు, రెండు రోజులు ఆఫీస్ లేదు. అందరూ తిట్టుకుంటుంటే నేను బాల్కనీలో నిలబడి తడిశాను.

పెట్టె సర్దేటప్పుడు అమ్మ పక్కన నువ్వు కూర్చో. పచ్చళ్ళు, కారప్పొడి, సకినాలు ఏవైనా పరవాలేదు. గసగసాలు మాత్రం వద్దు. మన వంటింట్లో మామూలు దినుసు, ఇక్కడ మత్తుమందుల కింద లెక్క, వాటి కోసం జైలుకెళ్ళినవాళ్ళున్నారు. విడిగా ఉన్నవే కాదు, అమ్మ కలిపి దంచిన మసాలాలో కూడా ఉండకూడదు, అడిగి తెలుసుకో. ఎవరైనా "మా వాడికి ఈ పొట్లం ఇయ్యి బిడ్డా" అని ఇస్తే విప్పి చూడకుండా పెట్టుకోకు, చుట్టమైనా సరే. దగ్గు మందులు, నొప్పి మాత్రల్లో ట్రమడాల్, కోడీన్ లాంటివుంటే డాక్టర్ చీటీ ఉన్నా సరిపోదు, ముందే అనుమతి తీసుకోవాలి.

చివరికి బాపు. ఆయన్ని ఒప్పించాలని చూడకు. ఆయన పందొమ్మిదేళ్ళు చూసిన దుబాయ్ సోనాపూర్ కూలీల క్యాంపు గదిలో పది మంది, తెల్లారి నాలుగింటికి బస్సు, మధ్యాహ్నానికి ముద్దయిపోయిన అన్నం డబ్బా. మెట్రో 2009లో వచ్చింది, ఆయన దాన్ని కట్టినవాళ్ళలో ఒకడై ఉండొచ్చు, ఎక్కి తిరిగే తీరిక దొరికిందో లేదో. నువ్వు వెళ్ళేది ఆ క్యాంపుకి కాదని ఆయనకు తెలుసు, అయినా కూతురి విషయంలో ఆ భయం పోదు. వాదించకుండా పని అడుగు. మొదటి నెల ఎలా గడిపావు, ఎండలో తలకు ఏం కట్టుకునేవాడివి, ఏ ఏజెంట్‌కి ఎంత కట్టావు, ఎన్నేళ్ళకు తీరింది, షట్టరింగ్ కొలతలు కాంట్రాక్టర్ ఎక్కడ తగ్గించి రాసేవాడు అని. ఆ చివరి ప్రశ్న తప్పకుండా అడుగు. నువ్వు చేయబోయే ఉద్యోగం సరిగ్గా అదే, ఆయన చేసిన చదరపు మీటర్లను కాగితం మీద ఎక్కించడం. నాకు కొలతలు నేర్పింది నా సీనియర్ కంటే ఎక్కువగా ఫోర్‌మన్‌లు, కార్పెంటర్లే. నీకు ఇంట్లోనే ఒకరున్నారు.

ఆఫర్ లెటర్ వస్తే కంపెనీ పేరూ నీ పేరూ కొట్టేసి ఆ జీతం పేజీ ఒక్కటి నాకు పంపు, బేసిక్ ఎంత వేశారో చూసి చెప్తాను.